తడి ఆకు

మా తాత ఎడమ అరచేతిల రూపాయి బిళ్లంత నల్లమచ్చ ఉండె. చిన్నప్పుడు అది పుట్టుమచ్చ అనుకున్న. ఒకనాడు అడిగితే "చుట్ట ఆర్పుకునే జాగ బిడ్డా" అన్నడు. అని నవ్విండు. ఆ నవ్వు నాకు చానా ఏండ్లకు గని సమజ్ కాలే.

సంగతి ఇది. దొర ఎదురొస్తే మాదిగోని నోట్ల చుట్ట ఉండొద్దు. కాళ్ల చెప్పులు చేతికి రావాలె. తలరుమాలు చంకకు రావాలె. మరి ముట్టిచ్చిన చుట్ట ఏడికి పోవాలె? పారేసి, దొర పోయినంక ఏరుకోవచ్చు. గని వానకాలం బురదల పడ్డదంటే ఆ చుట్ట ఖతం. మూలమలుపు కాడ దొర కచ్చురం ఒక్కపాలి కండ్లబడితే గోడకు రుద్ది ఆర్పే సందు ఎక్కడిది? అందుకని మా తాత ముట్టిచ్చిన కొనను అరచేతిల ఒత్తి పిడికిలి బిగించేటోడట. కచ్చురం దాటిపోయేదాక పిడికిలి ఇప్పేటోడు కాదు.

"నొయ్యకపోయేదా తాతా?"

"మంచి ఆకురా. పారెయ్య పానమొప్పకపోయేది."

దొరల సంగతి మనోళ్లు చానామంది రాసిండ్రు, ఇంకా రాయాలె. నేను మాత్రం ఇయ్యాల పొగాకు సంగతి రాద్దామని కూసున్న. మా తాత దెబ్బలు తిన్నది ఊరందరికి తెలుసు. మా తాతకు ఒక విద్య తెలుసునన్నది ఎవ్వరికి తెల్వదు.

మా ఊరు సూర్యాపేటకు కోదాడకు నడుమ, పెద్ద రోడ్డు దిగి నాలుగు మైళ్లు నడిస్తే వస్తది. అప్పుడు నల్గొండ జిల్లా. 2016 అక్టోబర్ 11 నించి సూర్యాపేట జిల్లా అయింది. మిర్యాలగూడ మాత్రం నల్గొండలనే ఉండిపోయింది. ఈ మూడు ఊర్ల నడుమనే మా ఇంటి మూడు తరాల బతుకు తిరిగింది. ఎట్టికి, అంగడికి, నాట్లకు, సదువుకు, ఆఖరికి నా నౌకరికి.

నిజాం కాలంల మా దిక్కు మంచి పొగాకు రావాలంటే జగ్గయ్యపేట దిక్కు నించి రావాలె. అది ఇంగ్లీషోళ్ల రాజ్యం, ఇది నిజాం రాజ్యం. నడుమ కరోడ్గిరి నాకా. సుంకం కట్టాలె. సుంకం కట్టి వచ్చిన ఆకు సూర్యాపేట అంగడిల దొరికేది. మా ఊర్ల కాపులు బాయిల కాడ రెండు మళ్లు నాటు పొగాకు ఏసుకునేటోళ్లు గని అది గొంతు కోసే ఆకు. గోదావరి లంకల ఆకు వేరు. నది వరదొచ్చి పోయినంక మిగిలిన ఒండ్రు మీద పెరిగిన ఆకు అది. ఆ లంక చుట్టలు తెల్లదొరలు సీమకు గూడ తీసుకపోయిండ్రు. 1890ల వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల 'ద సైన్ ఆఫ్ ఫోర్'ల లంక చుట్ట పేరు ఉన్నది. బూడిదను చూసి ఇది ఏ పొగాకో చెప్తడు ఆ హోమ్స్. అది సదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా తాత గూడ చెప్పేటోడు. ఆయన మీద ఎవరు నవల రాయలే.

గడికి ఆకు కొనాలంటే మా తాతనే అంగడికి తోలేటోళ్లు. ఎట్టి మనిషి కాబట్టి కూలి లేదు, అది ఒకటి. రొండోది, మా తాత తెచ్చిన ఆకుకు వంక ఉండకపోయేది. సావుకారి ముందల బారెడు దూరం నిలబడి, ఆయన ఇసిరిన కట్టను పట్టుకుని చూసేటోడు. ఆ చూసుడు నేను చిన్నగున్నప్పుడు, అంటే 1970ల తర్వాత, నా కండ్లతోని చూసిన. అప్పటికి దొర కోసం కాదు, సొంతానికే.

మొదలు రంగు. పాత చింతపండు రంగు ఉండాలె, దాని మీద సన్నని నూనె మెరుపు ఉండాలె. పచ్చ మచ్చ కనబడితే ఆకు సరిగ మాగలేదన్నట్టు. పొగల పచ్చిగడ్డి వాసనొస్తది. రెండు, పిడికిలి. ఆకును మెల్లగ పిడికిట్ల పట్టి ఇడిచిపెట్టాలె. మంచి ఆకు నిద్ర లేచినట్టు మెల్లమెల్లగ ఇచ్చుకుంటది. పొడిపొడి రాలితె చచ్చిన ఆకు. ముద్దయి అట్లనే ఉంటె సావుకారి నీళ్లు కొట్టి బరువు పెంచిండన్నట్టు. మూడు, నడిమి ఈనె. ఇరిస్తె పుటుక్కుమనాలె. వంగితె లోపల తేమున్నది, పది రోజులకు బూజు పడ్తది. నాలుగు, నాలుక. ఆకు అంచును నాలుకకు తాకిచ్చి ఉప్పుంటె పక్కకు పెట్టేటోడు. "చౌడు నేల ఆకురా, ఇది కాలది" అనేటోడు.

ఈ ఆఖరు ముచ్చట నాకు ఎన్నటికీ ఆశ్చర్యమే. కాలేజీల పనిచేసినప్పుడు వ్యవసాయ శాస్త్రం సదివిన ఒక మిత్రుడు చెప్పిండు. నేలల, బాయినీళ్లల్ల క్లోరైడు ఎక్కువుంటె అది ఆకులకు ఎక్కుతది, ఆ ఆకు సరిగ కాలది, మాటిమాటికి ఆరిపోతది. పొటాషు మంచిగుంటె నిప్పు నిలబడ్తది. రాజమండ్రిల 1947ల పొగాకు పరిశోధన సంస్థ పెట్టిండ్రు. అక్కడి శాస్త్రవేత్తలు యంత్రాలతోని కొలిచేదాన్ని మా తాత నాలుకతోని కొలిచిండు. నేను శాస్త్రాన్ని తక్కువ చేస్తలేను. మా తాత నాలుకకు సర్టిఫికెట్ లేకపాయె అంటున్న, గంతే.

ఆఖరుకు ఒక చిన్న తునక తుంపి దాని అంచుకు నిప్పు పెట్టేటోడు. మంట లేవద్దు, ఆరిపోవద్దు. ఎర్రటి గీత పెట్టుకుంట నిప్పు మెల్లగ పాకాలె. వెనుక తెల్లటి బూడిద మిగలాలె. నల్ల బూడిదైతె కట్టను మళ్ల సావుకారి దిక్కు తోసేసేటోడు.

ఇగ చుట్టుడు. మొక్క అడుగు ఆకు ఘాటు తక్కువ, మంచిగ కాలుతది. నడిమి ఆకు కమ్మగుంటది. ఎండ తిన్న కొస ఆకు మందం, ఘాటు, నిప్పు పట్టుకోది. ఏ ఒక్కదానితోని చుట్టినా చుట్ట కాదు. మూడిట్ని పాళ్లు తప్పకుండ లోపల పెట్టి, ఈనె తీసిన సన్నటి ఆకును పైన చుట్టాలె. చుట్టే ముందు నీళ్లు చల్లాలె. ఎక్కువ చల్లితె బూజు. తక్కువ చల్లితె పై ఆకు పగులుతది. మా తాత కుడిచెయ్యి ముంచి, ఏళ్లు ఒక్కపాలి ఇదిలిచ్చి, మిగిలిన తడిని ఆకు మీద చల్లేటోడు. చల్లి, తడిగుడ్డ చుట్టి, పాత కుండల రాత్రంత పెట్టేటోడు. పొద్దుగాల ఆ ఆకు పసిపిల్ల చెవి లెక్క మెత్తగుండేది.

ఈ నీళ్ల కాడనే ఉన్నది అసలు కత.

ఎండిన వస్తువకు అంటు లేదట. మా ఊరి ధర్మం అది. మాదిగోడు జొన్నలు కొలవచ్చు, మిరపకాయల బస్తా మొయ్యొచ్చు, ఎండు పొగాకు ఏరి మోసుకొచ్చి గడిల పడెయ్యొచ్చు. తడి తగిలితె మాత్రం మైల. కాబట్టి మా తాత తెచ్చిన ఆకును గడి గడప దాక మా తాతనే తెస్తడు. గడప అవతల ఇంకొకాయన దానికి నీళ్లు చల్లి దొరకు చుట్టలు చుడ్తడు. ఆయన కులం చెప్పను, ఆయనగూడ ఎట్టోడే పాపం. ఆయనకు చుట్ట చుట్టరాదు. నీళ్లు గుమ్మరిస్తడు. బిగ్గ చుడ్తడు. దొర బుగ్గలు గుంటలు పడేదాక పీలిస్తె గని పొగ రాకపోయేదట. ఊరి మీద ఉన్న మంచి ఆకంతా దొర ఇంట్ల. ఊర్ల ఉన్న చెడ్డ చుట్టంతా దొర నోట్ల. మా తాతకు గడి నించి వచ్చేది ఈనెలు, చిల్లు ఆకులు, కట్ట అడుగున రాలిన పొడి. గా చెత్తతోనే ఆయన చుట్టిన చుట్ట వాడంత గుబాళించేది. ఈ ముచ్చట చెప్పుకుని మా వాడోళ్లు కడుపుబ్బ నవ్వేటోళ్లు.

నవ్వు ఒక దిక్కు. ఒకనాడు దొర మా తాతను పిలిపిచ్చిండు. "ఏందిరా ఆకు? పొగ ఎల్లుతలేదు. సావుకారితోని కుమ్మక్కైనవా?" అన్నడు. మా తాత చేతులు కట్టుకుని "నీ బాంచెన్ దొరా, ఆకుది తప్పు కాదు" అన్నడట. అంతవరకు ఆగితె పోయేది. విద్య తెలిసినోడు ఆగడు. "తడి ఎక్కువైంది దొరా" అన్నడు. తడి సంగతి మాదిగోడు మాట్లాడుడేంది? ఆ రోజు మా తాతను గడి ముందట రాయి ఎత్తి నిలబెట్టిండ్రు, పొద్దు గుంకేదాక. సావుకారితోని కుమ్మక్కైనందుకు కాదు. సరిగ్గ చెప్పినందుకు.

1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువుల అంబేద్కర్ దోసిట్ల నీళ్లు పట్టిన సంగతి నేను యూనివర్సిటీకి పోయినంక తెలుసుకున్న. 1985 జూలై 17న కారంచేడుల ఆరుగురు మాదిగలను చంపినప్పుడు, ఆ కొట్లాట తాగే నీళ్ల చెరువు కాడ మొదలైందని తెలిసినప్పుడు, నాకు ముందుగాల మా తాత తడి చెయ్యి యాదికొచ్చింది. ఎండు చేతితోని చాకిరి చెయ్యనిస్తరు. తడి చేతితోని మనిషి లెక్క ఉండనియ్యరు.

నిప్పుకు మాత్రం అంటు లేదంటరు. అది గూడ అబద్ధమే. మా తాత దగ్గర చెకుముకి సంచి ఉండేది. చెకుముకి రాయి, ఉక్కు ముక్క, బూరుగు దూది. పొలాల కాడ కాపులు చుట్ట ముట్టిచ్చుకునేటందుకు మా తాతనే పిలిచేటోళ్లు. ఆయన దూదికి నిప్పు రాజేసి ఎండుపిడక మీద పెట్టి, ఆ పిడకను నేల మీద ఇడిచి నాలుగడుగులు ఎనుకకు జరగాలె. కాపు వచ్చి పిడకను ఎత్తుకుని ముట్టిచ్చుకుంటడు. చేతి నించి చేతికి నిప్పు పోదు. నేల మీదికెళ్లి పోతె పోతది. నేల ఏమన్న తులసి తీర్థమా, అందరి మైల కడిగెయ్యడానికి?

'కన్యాశుల్కం'ల గిరీశం పొగాకును పొగిడిన పద్యం మాకు కాలేజీల చెప్పి నవ్విచ్చిండ్రు. గరుత్మంతుడు తెస్తున్న అమృతం చుక్క జారి పొగాకు మొక్కైందట. మా క్లాసంత నవ్వింది, నేనూ నవ్విన. అమృతాన్నే అరచేతిల ఆర్పుకున్న మనిషి మా ఇంట్ల ఉన్నడని లేచి చెప్తామనిపిచ్చింది గని చెప్పలే. ఆ కాలంల క్లాసుల కులం తెలిసేటట్టు మాట్లాడేందుకు భయమయ్యేది. నిజానికి పొగాకు అమృతం కాదు, ఓడ ఎక్కి వచ్చింది. పోర్చుగీసోళ్లు తెచ్చిండ్రు. 1600 దాటిన కొత్తల అసద్ బేగ్ అనేటాయన బీజాపూర్ నించి అక్బర్ దర్బారుకు పొగాకు పట్టుకపోయిండు. అంటె దక్కనుకు ఢిల్లీ కన్న ముందే తెలుసు. మనువు రాసిననాడు పొగాకు లేదు. అయినా పొగాకు వచ్చీ రాంగనే దానికి కులం కట్టిండ్రు.

సంఘం రోజులల్ల, 1947 ఆఖర్ల అనుకుంట, మా ఊరి దొర రాత్రికి రాత్రి పట్నం పారిపోయిండు. తెల్లారి వాడ వాడంత పోయి గడి అరుగు మీద కూసున్నది. ఎవరేం మాట్లాడలేదట. ఎప్పుడు కూసోని జాగల కూసుంటె మాట రాదు. మా తాత బొడ్ల నించి చుట్ట తీసిండు. ముట్టిచ్చిండు. దాన్ని సగం తాగి పక్కాయనకిచ్చిండు. అట్ల అది అరుగంత తిరిగింది. "అంత కమ్మటి చుట్ట మళ్ల తాగలేదు బిడ్డా" అనేటోడు. ఆకేందని అడిగిన. "ఏంది? గడిల ఇడిసిపోయిన ఆకే. నేను తెచ్చిందే. నేనే తడి చేసిన."

1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయింది. దొర తెల్లటోపీ పెట్టుకుని వచ్చిండు. ఎట్టి మాత్రం మునుపటి లెక్క మళ్ల రాలే. సంఘం పుణ్యం అది, మర్చిపోవద్దు. చుట్ట సంగతి మాత్రం మెల్లగ మునుపటికే వచ్చింది. అరచేతిల ఆర్పుకునే పని లేదు గని, ఎనుకకు దాచుకునే పని ఉన్నది. 2008 అక్టోబర్ 2 నించి దేశమంత బహిరంగ జాగలల్ల పొగ తాగొద్దని జరిమానా పెట్టిండ్రు. మా తాతకు పుట్టినప్పటి నించే ఊరంత బహిరంగ జాగ.

నేను సూర్యాపేట హాస్టల్ల ఆరో తరగతి సదివేటప్పుడు సెలవులకు ఇంటికి పోతె మా తాత చుట్టలు చుట్టుకుంట నన్ను సదవమనేటోడు. సదివేటందుకు ఇంట్ల ఏముంటది? పొగాకు కట్టుకొచ్చిన పొట్లం కాగితాలు. వాటి మీద సగం వార్త ఉండేది. ఎక్కడ్నో కరువు, ఎవరో మంత్రి, ఒక సీరియల్ నవలల నడిమి ముక్క. కాగితం చిరిగిన కాడ కత ఆగేది. "తర్వాతేమైంది?" అంటడు తాత. నాకేం తెలుసు? కల్పించి చెప్పేటోణ్ని. నేను రాతగాణ్ని అయిందే అక్కడ.

పెద్దయినంక క్యూబా గురించి సదువుతుంటె ఒక సంగతి దొరికి లేచి కూసున్న. 1865ల హవానా చుట్టల కార్ఖానలల్ల పనోళ్లు చుట్టుకుంట కూసుంటె, నడుమ ఎత్తు పీట మీద ఒక మనిషి కూసుని గట్టిగ పత్రికలు, నవలలు సదివేటోడట. ఆయనకు జీతం ఇచ్చేది మాలికు కాదు, పనోళ్లే చందాలేసుకుని ఇచ్చేటోళ్లు. ఏడాది తిరిగేలోపల సర్కారు భయపడి 1866ల దాన్ని బంద్ చేపిచ్చింది. తర్వాత మళ్ల మొదలైంది, నడుస్తనే ఉన్నది. బానిసత్వం 1886 దాక పోని దేశంల ఈ సదువు! 'కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో' నవలంటె ఆ పనోళ్లకు పానమట. 1935ల పెట్టిన మాంటెక్రిస్టో చుట్టల పేరు అట్లనే వచ్చిందంటరు. ఆ పీట మీద నేను గూడ కూసున్న. నా జీతం ఒక బెల్లం ముక్క.

ఇంతదాక పొగ కమ్మదనం చెప్పిన. ఇగ మా నాయినమ్మ సంగతి చెప్పకపోతె నేను అబద్ధాలోణ్ని.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు ఇడిచిండ్రు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ దిక్కు మాగాణి అయింది. కోస్తా నించి వచ్చి భూములు కొన్నరు, తర్వాత రైసుమిల్లులు లేచినయి. మా వాడ ఆడోళ్లు ముఠాలు కట్టి నాట్లకు పొయ్యేటోళ్లు. మా నాయినమ్మ ముఠాకు పెద్ద. అక్కడ తీరం నించి వచ్చిన కూలి ఆడోళ్ల దగ్గర అడ్డపొగ నేర్చుకున్నది. నిప్పు ఉన్న కొనను నోట్లె పెట్టుకుని తాగుడు. వానల నాటేస్తుంటె చుట్ట ఆరిపోది. రెండు చేతులు పనిల ఉంటయి. బూడిద నారు మీద పడది. పని కోసం నేర్చుకున్న అలవాటు అది, సోకు కోసం కాదు. మొగోడు దొర ముందు అరచేతిల దాచుకుంటె, ఆడది నోట్లె దాచుకున్నది.

పదేండ్లకు అంగిట్ల పుండు లేచింది. ముందు తెల్లగ గట్టిపడ్డది, తర్వాత కురుపైంది. మేము సూడనీకి పోయినప్పుడల్ల కొంగు అడ్డం పెట్టుకునేది. పట్నం దవాఖానకు తీసుకపొయ్యేనాటికి గంజి గూడ దిగుతలేదు. 1981ల చచ్చిపోయింది. శ్రీకాకుళం జిల్లాల 10,169 మంది పల్లె జనాన్ని పరీక్ష చేసి, అడ్డపొగ అంగిటిని ఏం చేస్తదో డాక్టర్లు 1971లనే ఇంగ్లీషు పత్రికల రాసిండ్రు. ఆ కాగితం మా పొట్లాలల్ల ఎన్నడు రాలే. నేను హాస్టల్ల అలవాటైన చార్మినార్ సిగరెట్టును ఆమె దినాల నాడే మానేసిన. మా తాత మానలే. కుండ ముంగట కూసుని చుట్టేటోడు, ముట్టియ్యకుండ పక్కకు పెట్టేటోడు, మళ్ల తీసి ముట్టిచ్చేటోడు. ఇంకో మూడేండ్లు బతికిండు.

కోదాడల జూనియర్ కాలేజీ లెక్చరర్‌గ చేసిన. 2012 జనవరిల మిర్యాలగూడ నించి నా పాత విద్యార్థి ఒకడు వచ్చి వాళ్ల ఇంట్ల పంచెల ఫంక్షన్‌కు పిలిచిండు. రైసుమిల్లు వాళ్లది. కోస్తా నించి వచ్చి మూడో తరం. భోజనాలైనంక మేడ మీద పెద్దమనుషులు కూసున్న కాడికి నన్ను తీసుకపోయిండు. వాళ్ల నాయిన ఒక చెక్కపెట్టె తెరిచిండు. మాంటెక్రిస్టో. దుబాయ్ ఎయిర్‌పోర్టుల కొన్నరట. ఒక్కొక్కటి వెయ్యి రూపాయల పైమాటే అన్నడు. "తీసుకోండి మేస్టారూ, ఒక్కటి ఏం కాదు" అన్నడు. ముప్పై ఏండ్ల ఒట్టు ఆ రోజు తప్పింది. దాచుకునేదేముంది.

ఎందుకు తీసుకున్ననంటె, పెట్టె మూత తెరవంగనే మా తాత కుండ వాసనొచ్చింది.

చేతిల పట్టుకున్న. బొటనవేలుతోని కొన నించి కొన దాక ఒత్తిన. ఎక్కడ గుంట లేదు, ఎక్కడ గడ్డ లేదు. పై ఆకు నూనె మెరుపు, సన్నటి ఈనెలు. ముట్టియ్యక ముందు ఉత్తగ ఒక దమ్ము పీల్చిన, గాలి మంచిగ ఆడుతున్నది. ఆయన తన చేతితోనే లైటరు పట్టి నాకు ముట్టిచ్చిండు. పొగ ఊపిరితిత్తుల దాక పోనియ్యకుండ నోట్లనే తిప్పి ఇడిచిన. మొదలు మెత్తగ, కాల్చిన జొన్నరొట్టె మాడు వాసన. సగానికొచ్చేసరికి ఘాటు మొదలైంది. బూడిద తెల్లగ, అంగుళం దాక రాలకుండ నిలబడ్డది. నిప్పు గీత వంకర పోలే.

నోరూరుకోలే. "లోపల మూడు రకాల ఆకు ఉన్నది. అడుగుది కాలడానికి, నడిమిది కమ్మదనానికి, కొసది ఘాటుకు" అన్న. ఆయన సంబురపడ్డడు. "కరెక్టండీ! వొలాదో, సెకో, లిహెరో అంటారు వాటిని. పెట్టెలో తేమ కూడా డెబ్భై లోపే ఉండాలి. ఇదంతా మీకెలా తెలుసండీ?"

"మా తాత పొగాకు చూసేటోడు."

"అంటే పొగాకు వ్యాపారమా? మీరేవిట్లండీ మేస్టారూ?"

"మాదిగలం" అన్న.

ఆయనేం అనలే. మంచి మనిషే. "అలాగా అండీ" అని నవ్విండు, కాఫీ తెమ్మని కేకేసిండు. మాటలు సినిమాల మీదికి పోయినయి. చుట్టను పట్టించుకోకపోతె ఆరిపోతది, నాది ఆరింది. "లైటరొకసారి ఇస్తరా" అని చెయ్యి చాపిన. ఆయన లైటరు తీసి, నా చెయ్యి మీదికెళ్లి దాటిచ్చి, టీపాయ్ మీద పెట్టిండు.

అది ఉట్టి అలవాటే కావచ్చు. ఆ సమయంల చెయ్యి అటు పోయింది కావచ్చు. ఈ పదమూడు పద్నాలుగేండ్లల్ల వందసార్లు ఇట్లనే సర్ది చెప్పుకున్న. గని మొదటిసారి తన చేతితోని ముట్టిచ్చిన మనిషే కదా. నాకు టీపాయ్ కనబడలే. ఎండుపిడక కనబడ్డది. నాలుగడుగులు ఎనుకకు జరగాల్సింది నేనా, ఆయననా అని ఆలోచిస్తుండంగ ఇంకొకాయన ఆ లైటరు తీసుకున్నడు. నేను ఆరిన చుట్టను ముట్టియ్యలే. అరచేతిల పట్టుకుని కిందికి దిగిన. నిప్పు లేదు కాబట్టి కాలలే.

గేటు కాడ నా విద్యార్థి ఇంకొక చుట్టను నా జేబుల పెట్టిండు. వానికేం తెల్వది. కోదాడ బస్సుల కూసున్నంతసేపు దాని వాసనే.

ఇంటికొచ్చి స్టీలు పళ్లెంల ఆ చుట్టను ఇప్పిన. చెయ్యి నీళ్లల్ల ముంచి, ఇదిలిచ్చి, ఆకు మీద చల్లి, తడిగుడ్డల మూటగట్టి రాత్రంత పెట్టిన. పొద్దుగాల ఒక్కొక్క ఆకు పరిచిన. ఏది కొసదో ఏది అడుగుదో ఏళ్లకు తెలుస్తనే ఉన్నది. మళ్ల చుట్టుడు మాత్రం రాలే. మొదటిసారి బిగ్గైంది. దొర చుట్ట. రెండోసారి పై ఆకు పగిలింది. మా ఇంటామె వచ్చి చూసి "మీ నాయినమ్మ గతి మర్చిపోయినవా?" అన్నది. తాగనని చెప్పిన. "తాగకుంటె మరెందుకు చుట్టుడు?" అన్నది. జవాబు చెప్పకుండ మూడోసారి కూసున్న. కొన కుదిరింది. కొంచెం గంజి రాసి అంటిచ్చి, కిటికీల ఆరబెట్టిన. చేతులు రెండు రోజులు వాసనొచ్చినయి.